రైలెక్కి అనంతగిరికి: గుడి మెట్ల కింద మొదలయ్యే అడవి నడక

కారు లేకుండా హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరి, చీకటి పడేలోపు ఇల్లు చేరేలా చూసి రాగల అడవి ఏదంటే ముందుగా చెప్పాల్సిన పేరు అనంతగిరి గుట్ట. వికారాబాద్ ఊరికి ఆనుకునే ఉంది. టికెట్టు కొని గుండ్రంగా తిరిగొచ్చే పార్కు కాదిది, అడవే. టేకు, మద్ది, మోదుగ, తునికి, సీతాఫలం కలగలిసి పెరిగిన, ఎండాకాలం ఆకు రాల్చే అడవి. రైలు దిగిన చోటు నుంచి గుట్ట మీది గుడికి 5, 6 కిలోమీటర్లు ఉంటుంది. నడకకు ఐదుకు నాలుగున్నర మార్కులు వేస్తాం. అక్కడికి చేరే ఏర్పాటుకు మూడు. ఆదివారం మధ్యాహ్నం గుట్ట మీద ఉండే పరిస్థితికి ఒకటి కూడా ఎక్కువే. ఘాటు రోడ్డు మీద కార్ల పొగ పీల్చి, వ్యూ పాయింటు దగ్గర నాలుగు ఫొటోలు దిగి, కోతికి చిప్స్ ప్యాకెట్టు సమర్పించుకుని వెనక్కి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. "ఏముంది అక్కడ?" అని అడిగేది వాళ్లే. వాళ్లు అడవిలోకి దిగలేదు. అడవి ఉన్నది రోడ్డు పక్కన కాదు, గుడి కింద.

ముందు రైలు సంగతి. వికారాబాద్ జంక్షన్ సికింద్రాబాద్–వాడి మెయిన్ లైను మీద ఉంది. నిజాం కాలంలో, 1874లో మొదలైన లైను ఇది. సికింద్రాబాద్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ అయితే గంటన్నర లోపే చేరుస్తుంది. ప్రతి స్టేషన్‌లో ఆగే ప్యాసింజర్ రెండు గంటలు, ఒక్కోసారి ఆపైన తీసుకుంటుంది. బీదర్, పర్లి వైపు పోయే లైను వికారాబాద్‌లోనే చీలుతుంది కాబట్టి, బండి తాండూరు మీదుగా పోయేదైనా బీదర్ మీదుగా పోయేదైనా ఇక్కడి దాకా దారి ఒకటే. చాలామంది "తాండూరు బండి" ఒక్కటే వెతికి, బీదర్ బండిని కళ్లెదుటే పోనిస్తారు. చూసుకోవాల్సింది ఒక్కటే, ఆ బండి వికారాబాద్‌లో ఆగుతుందా లేదా అన్నది. ఈ లైను మీద వెళ్లే దూరప్రాంతపు రైళ్లన్నీ ఇక్కడ ఆగవు. టైం టేబుల్ మారుతుంటుంది కాబట్టి ముందు రోజు రాత్రి, రైళ్ల వేళలు చెప్పే రైల్వే వారి ఎన్‌టీఈఎస్‌లో ఒకసారి చూసుకోవడం మంచిది. పొద్దున ఎనిమిదిన్నర లోపు వికారాబాద్‌లో దింపే బండి ఏదైనా సరే. పది దాటాక చేరితే నడకలో సగం మజా పోయినట్టే.

జనరల్ టికెట్టు చాలు, రిజర్వేషన్ అక్కర్లేదు. అయితే పొరపాటు జరిగేది ఇక్కడే. ప్యాసింజర్‌కు తీసుకున్న ఆర్డినరీ టికెట్టుతో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెల్లదు. ఎక్స్‌ప్రెస్ టికెట్టుతో సూపర్‌ఫాస్ట్ ఎక్కినా అదనపు చార్జీ కట్టాల్సిందే. పట్టుబడితే టికెట్టు ధర తేడాతో పాటు జరిమానా. టికెట్టే లేకపోతే కనీసం 250 రూపాయలు. కౌంటర్‌లో "వికారాబాద్, ఎక్స్‌ప్రెస్" అనో "సూపర్‌ఫాస్ట్" అనో స్పష్టంగా చెప్పి తీసుకోండి. ఫోన్‌లో యాప్ ద్వారా కొనేవాళ్లు స్టేషన్‌లోకి అడుగుపెట్టకముందే కొనాలి. లోపలికి వచ్చాక జీపీఎస్ అడ్డుపడుతుంది, అప్పుడు గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడమే దారి. ఇంకొకటి: 200 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్టు కొన్న తర్వాత మూడు గంటల్లోపు, లేదంటే ఆ ఊరికి ఉన్న మొదటి బండిలో బయల్దేరాలి. ముందు రాత్రే కొని పెట్టుకుంటే పనికిరాదు. తిరుగు టికెట్టు సాయంత్రం వికారాబాద్‌లో తీసుకోవాలి.

సీటు కావాలంటే సికింద్రాబాద్‌లోనో నాంపల్లిలోనో, ఆ బండి ఎక్కడ మొదలైతే అక్కడే ఎక్కడం మేలు. మాదాపూర్, కొండాపూర్, మియాపూర్ వాళ్లకు లింగంపల్లి దగ్గర కాబట్టి అక్కడ ఎక్కడమే సుఖం. ఎంఎంటీఎస్ మీద వచ్చి అక్కడ బండి మారవచ్చు కూడా. కాకపోతే జనరల్ బోగీలో అప్పటికే సీట్లు నిండి ఉంటాయి, నిలబడటానికి సిద్ధపడాలి. లింగంపల్లి దాటి శంకర్‌పల్లి కూడా వెనకబడ్డాక అపార్ట్‌మెంట్లు పలచబడి పొలాలు మొదలవుతాయి. వికారాబాద్ దగ్గరయ్యే కొద్దీ కిటికీలోంచి నేల రంగు చూడండి, ఎర్రబడుతూ వస్తుంది. ఆ ఎరుపే ఈ నడక మొత్తానికి మూలం, దాని సంగతి తర్వాత.

పాలమూరు వైపు వాళ్లకు రైలు చుట్టుదారి అవుతుంది. షాద్‌నగర్ నుంచి పరిగి మీదుగా బస్సుల్లో రావడమే సులువు. నల్లగొండ వాళ్లు ఎలాగూ సికింద్రాబాద్ మీదుగానే రావాలి. ఒక్క రోజులో పోయి రావడం కష్టం, ముందు రాత్రి నగరంలో ఉండి పొద్దున బండి పట్టుకోవడం నయం.

స్టేషన్ బయట ఆటోలు ఉంటాయి. తాండూరు వైపు వెళ్లే ఆర్టీసీ బస్సు దొరికితే అది ఘాటు ఎక్కి గుట్ట మీదుగానే పోతుంది, అనంతగిరి దగ్గర దింపమంటే దింపుతారు. ఇద్దరు ముగ్గురు ఉంటే ఆటోనే నయం. మాట్లాడుకునేటప్పుడు పోవడానికి మాత్రమే కాక తిరిగి రావడానికి కూడా మాట్లాడుకోవాలి. డ్రైవర్ ఫోన్ నంబరు తీసుకుని, ఏ టైంకు ఎక్కడ నిలబడతారో చెప్పి, డబ్బులు దిగేటప్పుడు ఇస్తామని తేల్చుకోవాలి. పొద్దున గుట్ట మీదికి ఆటో దొరకడం కష్టం కాదు, సాయంత్రం గుట్ట మీది నుంచి ఖాళీ ఆటో దొరకడమే కష్టం. రైలు తప్పిపోయిన కథల్లో ఎక్కువ భాగం ఇక్కడ మొదలవుతాయి.

ఊరి నుంచి నడిచే గుట్ట ఎక్కవచ్చా అంటే ఎక్కవచ్చు. గంటన్నర పడుతుంది. కానీ మా మాట వినేట్టయితే వద్దు. దారి అంతా తారు రోడ్డు, మలుపులు, నడిచేవాళ్లకు పక్కన జాగా తక్కువ. మలుపు తిరిగే లారీ డ్రైవర్‌కు మీరు కనబడరు. కాళ్లలో ఉన్న సత్తువ అడవికి దాచుకోండి.

అనంతపద్మనాభస్వామి గుడి గుట్ట వాలు మీద ఉంది. దర్శనం చేసుకునేవాళ్లు నడకకు ముందే చేసుకోవాలి. తర్వాత చేసుకుందామనుకుంటే ఎర్రబురద కాళ్లతో గుడి మెట్ల దగ్గర నిలబడాల్సి వస్తుంది. మార్కండేయుడు ఇక్కడ తపస్సు చేశాడని, కాలయవనుణ్ని చూపుతోనే భస్మం చేసిన ముచుకుందుడు కృష్ణుడి పాదాలు కడిగిన నీళ్లే ముచుకుందా నది అయ్యాయని స్థలపురాణం. ఆ ముచుకుందా నదే మూసీ. హైదరాబాద్ నడిబొడ్డున మనం ముక్కు మూసుకుని దాటే నది ఇక్కడ పుడుతుంది. ఇక్కడి నుంచి గండిపేట చేరి, లంగర్‌హౌజ్ దగ్గర ఈసా నదిని కలుపుకుని, నగరం దాటి, సుమారు 240 కిలోమీటర్లు పారి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వాడపల్లి సంగమంలో స్నానం చేసిన మిర్యాలగూడ వాళ్లు ఒకసారి ఈ మొదలు కూడా చూడాలి. ఒకే నది అని నమ్మబుద్ధి కాదు.

గుడి దగ్గర్నుంచి మెట్లు దిగితే పుష్కరిణి వస్తుంది. ఈ మెట్ల దగ్గర తొందర పడకూడదు. వానాకాలంలో నీళ్ల దగ్గరి మెట్ల మీద పాచి పడుతుంది. పాచి పచ్చగా ఉన్నప్పుడు కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్త పడతాం. నల్లబడి రాతి రంగులో కలిసిపోయినప్పుడే జారిపడేది. ఫొటో కోసం చివరి మెట్టు మీద వెనక్కి వెనక్కి నడిచేవాళ్లు రోజుకు ఒకరైనా కనిపిస్తారు.

ఈ గుట్ట మీద నీళ్లు ఎందుకున్నాయో తెలిస్తే నడక ఇంకా బాగుంటుంది. వికారాబాద్ చుట్టూ ఉన్న పీఠభూమికి అడుగున నల్లరాయి. కోట్ల ఏళ్ల క్రితం లావా పారి గట్టిపడిన దక్కను రాయి అది. దాని మీద టోపీ పెట్టినట్టు ఎర్రటి లాటరైట్ పొర. బాట పక్కన తెగిన గట్టు దగ్గర ఆగి ఒక లాటరైట్ గడ్డ చేతిలోకి తీసుకోండి. తుప్పు పట్టిన ఇనుములా ఉంటుంది, నిజంగానే అందులో ఇనుము ఉంది. ఒళ్లంతా బెజ్జాలు, పురుగు తొలిచిన కట్టెలాగ. కొన్ని బెజ్జాల్లో పసుపుపచ్చ మట్టి, కొన్నిట్లో ఏమీ లేదు. దాని మీద సీసాలో నీళ్లు కొన్ని పోస్తే పక్కలకు జారిపోవు, లోపలికి దిగిపోతాయి. వాన పడ్డప్పుడు గుట్ట మొత్తం చేసేది ఇదే పని. పైన పడ్డ నీరు బెజ్జాల్లోంచి దిగి, కింద గట్టి పొర తగిలినచోట ఇక దిగలేక, వాలు వెంబడి ఊటగా బయటికి వస్తుంది. వానలు ఆగిన తర్వాత కూడా వాగు కొన్నాళ్లు పారడం ఈ ఊటల పుణ్యమే. చెట్టు నరికి, మొరం తవ్వి, పైన సిమెంటు పరిస్తే ఈ ఊట ఆగిపోతుంది.

పుష్కరిణి దాటి కిందికి దిగే కాలిబాట అడవిలోకి పోతుంది. ఇదే అసలు నడక. పోను రాను కలిపి 3, 4 కిలోమీటర్లు నడిస్తే చాలు, మూడు గంటలు హాయిగా గడుస్తాయి. ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు అన్న సంగతి మరిచిపోవద్దు. మామూలు గుట్టల్లో ముందు ఎక్కి అలిసిపోయి వెనక్కి తిరుగుతాం, తిరుగుదారి తేలిక. ఇక్కడ తిరుగుదారే బరువు. ఉత్సాహంగా గంటసేపు దిగినవాళ్లకు పైకి రావడానికి గంటన్నర పడుతుంది, అదీ ఎండ నడినెత్తికి వచ్చే టైంలో. అందుకే లెక్క ఇలా పెట్టుకోండి: తొమ్మిదింటికి దిగితే పది గంటలకు ఎక్కడున్నా సరే ఆగి, నీడలో అరగంట కూర్చుని, వెనక్కి తిరగాలి. వాగు ఇంకా కింద ఉందని, ఇంకో మలుపు చూద్దామని సాగదీయొద్దు.

కాలి కింద నేల రెండు రకాలుగా మోసం చేస్తుంది. ఎండినప్పుడు లాటరైట్ చితికి బఠాణీ గింజలంత గుండ్రటి రాళ్లయి బాట మీద పరుచుకుంటుంది. దిగుడులో వాటి మీద మడమ పెడితే కాలు ముందుకు దొర్లిపోతుంది. మడమ కాకుండా పాదమంతా ఆనించి, చిన్న చిన్న అడుగులు వేయాలి. తడిసినప్పుడు అదే నేల సన్నటి జిగట పొర కప్పుకుంటుంది, నున్నటి అడుగున్న బూటు దాని మీద సబ్బు మీద నడిచినట్టే. లోతు గాడులున్న అడుగు గల బూట్లు కావాలి. ఖరీదైనవి అక్కర్లేదు, పొలానికి వేసుకునే మామూలు రబ్బరు బూట్లయినా గాడులుంటే చాలు. హవాయి చెప్పులు, అరిగిపోయిన స్పోర్ట్స్ షూ రెండూ పనికిరావు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పుష్కరిణి దగ్గరే ఆగిపోవడం మంచిది, అక్కడ కూర్చున్నా చెట్ల నీడకు కొదవ లేదు. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలు పెద్దల కంటే బాగా నడుస్తారు. చంకలో బిడ్డతో మాత్రం ఈ దిగుడు వద్దు.

చెట్లను చూసే తీరిక ఉన్నవాళ్లకు ఈ అడవి నెలకో తీరుగా ఉంటుంది. వానలు పడ్డాక జూలై, ఆగస్టుల్లో టేకు కొత్త ఆకులతో, కొమ్మల చివర తెల్లటి పూల గుత్తులతో నిలబడుతుంది. చేతికి అందే లేత టేకాకు ఒక్కటి తీసుకుని అరచేతిలో గట్టిగా నలిపి చూడండి, చెయ్యి ఎర్రబడుతుంది. గోరింటాకు పెట్టుకున్నట్టు పిల్లలు సంబరపడతారు. ముదిరిన ఆకు అయితే గరుకు కాగితంలా గీరుకుంటుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లో వెళ్తే కొన్ని టేకు ఆకులు ఈనెలు మాత్రమే మిగిలి జల్లెడలా కనిపిస్తాయి. చెట్టుకు తెగులొచ్చి చచ్చిపోతోందని కంగారు పడనక్కర్లేదు. ఒక రకం పురుగు పచ్చదనమంతా తినేసి ఈనెలు వదిలేస్తుంది, వచ్చే ఏడు చెట్టు మళ్లీ ఆకు వేస్తుంది. అదే రోజుల్లో సీతాఫలాలు కళ్లు తెరుస్తాయి. కోసుకోవాలనిపిస్తుంది కానీ, వాటిని ఏరి అమ్ముకుని బతికేవాళ్లు ఇక్కడ ఉన్నారు. ఊళ్లో వాళ్ల దగ్గర కొనుక్కోవడం న్యాయం. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలి అడవి బోసిపోయినా మోదుగ పూస్తుంది, ఏప్రిల్, మేలలో రేల పసుపు గుత్తులు వేలాడతాయి. చూడముచ్చటే, కానీ నీడ ఉండదు, వాగులో నీరు ఉండదు, రాలిన ఆకు ఒక్క బీడీ ముక్కకు అంటుకుంటుంది. ఎండాకాలం ఈ నడకను మేం సిఫారసు చేయం. జూలై రెండో వారం నుంచి డిసెంబర్ చివరి దాకా మంచి కాలం. అందులోనూ రెండు మూడు రోజులు వాన పడి, ఒక రోజు తెరిపి ఇచ్చిన మర్నాడు వెళ్లగలిగితే అంతకు మించింది లేదు. వాన పడుతుండగా మాత్రం దిగొద్దు. చలికాలం పొద్దున మంచు పట్టి ఉంటుంది, హైదరాబాద్ కంటే ఇక్కడ చలి ఎక్కువ, ఒక స్వెటర్ సంచిలో ఉండాలి.

పెద్ద జంతువులను చూడటానికి వచ్చే అడవి కాదిది. నెమళ్ల అరుపు తప్పకుండా వినిపిస్తుంది, పొద్దున్నే వెళ్తే అవి బాట దాటడం కనిపిస్తుంది. పిట్టల కోసం వచ్చేవాళ్లు మాట్లాడకుండా వాగు దగ్గర ఒక చోట ఇరవై నిమిషాలు కూర్చుంటే చాలు, వెతుక్కుంటూ తిరగనక్కర్లేదు. బ్లూటూత్ స్పీకర్ తెచ్చేవాళ్లకు ఒక విన్నపం: దాన్ని రైల్లోనే సంచిలో పెట్టేయండి. లోయలో శబ్దం పైదాకా మోగుతుంది.

దారి తప్పడం గురించి. అడవిలో బాటలన్నీ మనుషులు వేసినవి కావు, పశువులు వేసినవి కూడా ఉంటాయి. పశువుల బాట మొదట్లో వెడల్పుగా ఉండి, పొదల దగ్గర మోకాలెత్తున సొరంగంలా మారి మాయమైపోతుంది. నడుము వంచి దూరాల్సి వచ్చిందంటే అది మన దారి కాదని అర్థం, అక్కడే వెనక్కి తిరగాలి. బాట చీలిన ప్రతిచోటా ఒకసారి వెనక్కి తిరిగి చూసి గుర్తు పెట్టుకోండి, వచ్చేటప్పుడు కనిపించేది ఆ ముఖమే కదా. లోయలోకి దిగాక ఫోన్ సిగ్నల్ తగ్గిపోతుంది, కొన్నిచోట్ల అసలు ఉండదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఉండాలి, ఆటో డ్రైవర్‌కు టైం ముందే చెప్పి ఉండాలి. ఒంటరిగా దిగొద్దు, కనీసం ముగ్గురు ఉండాలి. ఒకరికి కాలు మడత పడితే ఒకరు తోడుండి ఒకరు పైకి రావడానికి.

ఇది రిజర్వ్ ఫారెస్టు అన్న సంగతి కూడా మనసులో ఉంచుకోవాలి. ఏ బాట తెరిచి ఉంది, దేనికి అనుమతి కావాలి అన్నది అటవీ శాఖ సిబ్బందిని అడిగే దిగాలి. వద్దన్నచోటికి పోవద్దు. లోపల వంటలు, మంటలు, గుడారాలు వద్దు. కేంద్రం పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ 2.0 కింద ఎకో టూరిజం పనులకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగిన చోట్లలో అనంతగిరి ఒకటి కాబట్టి, గేట్లు, బాటలు, టికెట్లు మారుతూ ఉండవచ్చు. పాత ఫొటోల్లో ఉన్న దారి అలాగే ఉంటుందని అనుకోవద్దు. అలాగే పాత ట్రెక్కింగ్ వీడియోలు చూసి పూడూరు మండలంలోని దామగుండం అడవికి బయల్దేరేవాళ్లు ఇంకా ఉన్నారు. అక్కడ జనం రాడార్ కేంద్రమని పిలిచే నేవీ రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన అయింది, వెనకటిలా తిరిగి రావచ్చని అనుకుని పోకండి.

ఇక కోతులు. గుడి చుట్టూ, రోడ్డు చుట్టూ మందలు మందలుగా ఉంటాయి, లోపల అడవిలో అంత బాధ లేదు. వాటికి తిండి వాసన కంటే ముందు అందేది పాలిథిన్ కవరు చప్పుడు. చేతిలో కవరు వేలాడుతుంటే అందులో చెప్పులున్నా లాక్కుంటాయి. సద్దిని గుడ్డలో కట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, జిప్పు ఉన్న సంచిలో వీపుకు తగిలించుకుంటే వాటి గొడవ దాదాపు ఉండదు. లాక్కున్నదాన్ని తిరిగి గుంజుకోవడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, కరుస్తుంది. కోతి గీరినా కరిచినా ఆ చోటును సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు దవాఖానకు పోయి రేబిస్ సూది వేయించుకోవాలి.

వానాకాలం గడ్డిలో పిడుదులు పట్టుకుంటాయి. ప్యాంటు అంచులు సాక్సు లోపలికి దోపుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు, ఇంటికి వచ్చాక మోకాళ్ల వెనక, నడుము దగ్గర చూసుకోండి. వానలు పోయాక దురదగొండి కాయలు ఎండుతాయి. గోధుమ రంగు వెల్వెట్ గుడ్డ చుట్టినట్టు అందంగా ఉండే ఆ కాయను పిల్లలు ముట్టుకోకుండా చూడాలి. నూగు అంటితే రుద్దకూడదు, రుద్దిన కొద్దీ లోపలికి దిగుతుంది. అంటుకునే టేపు వేసి లాగి, తర్వాత నీళ్లతో కడగాలి. రాళ్ల సందుల్లో, ఎండుటాకుల్లో చెయ్యి పెట్టొద్దు, రక్తపింజరి రంగు ఎండుటాకు రంగు ఒకటే.

నీళ్లు మనిషికి 2 లీటర్లు మోసుకెళ్లాలి, ఇందులో బేరం లేదు. వాగు నీళ్లు తేటగా కనిపించినా తాగొద్దు, పైన పశువులు దిగుతాయి, పుష్కరిణిలో జనం స్నానాలు చేస్తారు. పొద్దున టిఫిన్ వికారాబాద్ ఊళ్లోనే తినేయండి. గుట్ట మీద చాయ్, మిర్చి బజ్జీలు, కాల్చిన కంకులు దొరుకుతాయి, భోజనం దొరుకుతుందన్న నమ్మకంతో మాత్రం వెళ్లకండి. జొన్న రొట్టెలు, పులిహోర లాంటి చెడిపోని సద్ది నయం. అడవిలోకి దిగాక మరుగుదొడ్డి ఉండదు కాబట్టి ఆడవాళ్లు, పిల్లలు ఆ పని స్టేషన్‌లోనో గుడి దగ్గరో చూసుకుని దిగాలి.

రోజు ఎంచుకోవడంలోనే సగం ఫలితం ఉంది. మామూలు రోజు, అందులోనూ మంగళ, బుధవారాల్లో వెళ్తే బాట మీద ఎదురయ్యేవాళ్లు పదిమంది ఉండరు. వానాకాలం ఆదివారాలు పదకొండు దాటాక ఘాటు మీద కార్లు బారులు తీరుతాయి, మీ ఆటో కూడా వాటిలోనే ఇరుక్కుంటుంది. ఆదివారం తప్ప కుదరని వాళ్లు ఏడున్నరకే గుట్ట మీద ఉండేలా చూసుకుని, జనం ఎక్కే వేళకు దిగిపోవాలి. తొలి ఏకాదశికి, కార్తీక మాసంలో జాతర జరుగుతుంది. భక్తితో వెళ్లేవాళ్లకు అవి మంచి రోజులే, నడకకు కావు.

నడక అయ్యాక చూడదగింది టీబీ దవాఖాన వైపు దారి. మందులు లేని కాలంలో గాలే మందని నమ్మి నిజాం పాలనలో ఇక్కడ శానటోరియం పెట్టారు. అది దవాఖాన, చూసిపోయే చోటు కాదు, లోపలికి పోకుండా బయటి దారి వెంట నడిస్తే చాలు. ఎందుకు ఇక్కడే కట్టారో ఊపిరి పీల్చుకుంటే తెలుస్తుంది. కోటిపల్లి చెరువులో పడవలు కూడా అదే రోజు పెట్టుకుందామనుకునేవాళ్లకు మా సలహా: సొంత బండి లేకుండా వద్దు. గుట్ట నుంచి ఇంకా ముందుకు పోవాలి, వాహనం కోసం ఎదురుచూపుల్లోనే మధ్యాహ్నం గడిచిపోయి రెండూ సగం సగం అవుతాయి.

రైలుకు దగ్గర్లో ఉన్న మిగతా చోట్లతో పోల్చి చూస్తే: కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ పోతే అప్పన్నపల్లి దగ్గర రెండు వేల ఎకరాలకు పైగా ఉన్న ఎకో పార్కు, ఊరికి దగ్గర్లోనే పిల్లలమర్రి ఉన్నాయి. ఎక్కుడు దిగుడు చేయలేని పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు అదే సరైన చోటు. 2018లో చెదలు పట్టిన మర్రికి సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి బతికించుకున్న ఆ ఊరి పట్టుదల చూడాల్సిందే. భువనగిరి దాటాక రాయగిరి దగ్గర ఉన్న అరణ్యం పార్కులు రెండు గంటల నడకకు సరిపోతాయి. కానీ ఊట పుట్టిన చోటు నుంచి వాగు వెంబడి దిగుతూ నడవాలంటే అనంతగిరికే పోవాలి.

తిరుగు ప్రయాణానికి రైలు టైం కంటే గంటన్నర ముందు గుట్ట దిగాలి. అరగంట ఆటోకు, అరగంట టికెట్టు క్యూకు, మిగిలింది చాయ్‌కి. టైం మిగిలితే ఊళ్లో తాండూరు కందిపప్పు కిలో తీసుకోండి. ఫలానా చోటి సరుకని ఇచ్చే జీఐ గుర్తింపు 2022లో వచ్చిన పప్పు అది, పక్కనే పండుతుంది. సాయంత్రం బండ్లు దూరం నుంచి వస్తాయి కాబట్టి ఆలస్యం మామూలే, జనరల్ బోగీ నిండే వస్తుంది. బోగీలు రైలుకు ముందూ వెనకా ఉంటాయి, ప్లాట్‌ఫారం మధ్యలో నిలబడితే రెండు వైపులకూ పరిగెత్తాల్సి వస్తుంది. ఏదో ఒక చివరకు పోయి నిలబడండి. బూట్లకు, ప్యాంటుకు అంటిన ఎర్రమట్టిని రైల్లో తడిగుడ్డతో రుద్దొద్దు, తడి తగిలితే రంగు బట్టలోకి దిగి మరక మిగిలిపోతుంది. ఇంటికి వచ్చాక పూర్తిగా ఆరనిచ్చి, బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే నీళ్లలో వేయండి.